పెట్టెకు నేర్పిన పేర్లు

చుట్టాల పెళ్లిళ్లలో నన్ను అందరూ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. "హైదరాబాద్ల ఏ కంపెనీ బిడ్డా?" నేను హైదరాబాద్‌లో లేను. నల్లగొండలో, బోరు మోటర్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ షాపులో పనిచేస్తాను. షాపు వెనక గదిలో కూర్చుని సి భాషలో ప్రోగ్రాములు రాస్తాను. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలోకి జాలి వచ్చేస్తుంది. "ఇంజనీరింగ్ చదివి మోటర్ల దుకాణంలనా?" అంటారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఔ, దుకాణంలనే," అని చెప్పి భోజనాల వైపు నడుస్తాను. మా అమ్మ వెనక నుంచి నా చున్నీ పట్టుకొని లాగుతుంది, జర మెల్లగ మాట్లాడమని. నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. అది మా బాపు దగ్గర నుంచి వచ్చిందని అమ్మ అంటుంది. బాపు మాత్రం అమ్మ దగ్గర నుంచే అంటాడు.

షాపు యజమానిని బజారంతా చాచా అనే పిలుస్తుంది, నేనూ అలాగే పిలుస్తాను. ఎండాకాలం వచ్చిందంటే మా షాపు ముందు కాలిపోయిన మోటర్లు వరుసగా పడుకొని ఉంటాయి. మా వైపు బోర్లు ఆపి ఆపి పోస్తాయి. కాసేపు నీళ్లు వస్తాయి, తర్వాత గాలి వస్తుంది. నీళ్లు లేకుండా తిరిగిన మోటర్ లోపల కాలిపోతుంది. రైతు దాన్ని బోరులోంచి పైకి తీయించి, ఆటోలో వేసుకొని మా దగ్గరికి వస్తాడు. చాచాకు అదే సీజన్. అలాంటి మనిషి, మోటర్ కాలకుండా చూసే పెట్టె ఒకటి తయారు చేస్తానని బయలుదేరాడు. బజారులో నవ్వారు. "సాయిబు తన కడుపు తనే కొట్టుకుంటుండు," అన్నారు.

"కాలిన మోటర్ తెచ్చినోడు నా ముంగట కూసుండి కండ్లనీళ్లు పెట్టుకుంటడు. నేను తీగ సుట్టుకుంట ఇంకెంత కాలం సూడాలె?" అన్నాడు చాచా.

నేను ఆ షాపులో చేరింది ఆ మాట విన్నాకనే. మా బాపుకు గొర్రెలున్నాయి, కొద్దిపాటి భూమి ఉంది, దానికో బోరు ఉంది. కాలిన మోటర్ ఇంట్లో ఎలాంటి రోజులు తెస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెట్టె సంగతి చెప్పాలి. దాన్ని స్టార్టర్‌కు తగిలిస్తాం. అందులో ఒక సిమ్ ఉంటుంది, వేలి గోరంత చిప్ ఉంటుంది. రైతు ఇంట్లో నుంచే మెసేజ్ పంపి మోటర్ వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. బోరు గాలి పోయడం మొదలుపెడితే పెట్టె కనిపెట్టి మోటర్ ఆపేస్తుంది. నీళ్లు మళ్లీ ఊరేదాకా ఆగి, తర్వాత తనే వేస్తుంది. ఎంతసేపు పారాలి, ఎంతసేపు ఊరాలి అన్నది ఒక్కో బోరుకు ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకని ఆ సమయాలు రైతే మార్చుకునేలా పెట్టాం. అక్కడే దెబ్బతిన్నాం.

మొదటి ప్రోగ్రాం రాసింది హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడు వచ్చే ఒక సీనియర్ ఇంజనీర్. ఆయన ప్రతి సెట్టింగ్‌కు ఒక నంబర్ పెట్టాడు. ఊరే సమయం మార్చాలంటే ఇంగ్లిష్‌లో పి కొట్టి, సున్నా ఏడు కొట్టి, ఈక్వల్ గుర్తు పెట్టి, అప్పుడు నిమిషాలు కొట్టాలి. ఏ నంబర్ దేనికో చెప్పే కాగితం పెట్టె తలుపు లోపల అంటించాం. ఎండకు అది తెల్లబడిపోయింది. పొలంలో వంగి, చెమట తుడుచుకుంటూ, పి సున్నా ఏడు ఏమిటో ఎవరికి గుర్తుంటుంది? కొందరు ఫోన్ చేసి నన్నే రమ్మనేవారు, నేను స్కూటీ మీద పోయి మార్చి వచ్చేదాన్ని. మిగతావాళ్లు విసుగుపుట్టి పెట్టెలు పీకి తెచ్చి మా గల్లాబల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చాచా నన్ను పిలిచాడు. చేతిలో సగం చుట్టిన మోటర్ ఉంది.

"బేటీ, డిండి దాటినంక, అమ్రాబాద్ గుట్టలు కనవడే కాడ ఒక ఊరున్నది. ఆడ రైతులు కలిసి పెట్టెలు పెట్టిచ్చుకుంటమంటున్నరు. పనితనం సూసి నచ్చితెనే. గవి గూడ వాపస్ వస్తే నేనిగ పెట్టెల పని బంద్ చేస్త. నాకైతె తీగ సుట్టుడున్నది. నీకు ఈడ ఏం పని సూపియ్యాలె మరి?"

నా ముఖం చూడకుండా తీగ వైపు చూస్తూ చెప్పాడు. నాకు అర్థమైంది. పెట్టె నిలబడితే నేను నల్లగొండలో ఉంటాను. పడిపోతే, పెళ్లిళ్లలో అడిగేవాళ్లు కోరుకున్నట్టు, బ్యాగు సర్దుకొని హైదరాబాద్ బస్సెక్కుతాను. హైదరాబాద్ మీద నాకు పగ ఏమీ లేదు. కానీ ఇక్కడ చేతకాక అక్కడికి పోవడం అనే మాట గొంతు దిగలేదు.

నంబర్లు తీసేసి, రైతు సెట్టింగ్ పేరు చెబితే అది మారేలా చేద్దామని సీనియర్ ఇంజనీర్‌ను అడిగాను. ఆయన చాలా ఓపికగా నవ్వాడు.

"సి భాషలో అది కుదరదమ్మా. స్ట్రక్చర్‌లో నువ్వు పెట్టుకున్న పేర్లు కంపైల్ అయ్యేదాకే. ప్రోగ్రాం నడిచేటప్పుడు లోపల ఏ పేరూ ఉండదు. రైతులకే కాస్త ట్రైనింగ్ ఇవ్వండి, నంబర్లు వాళ్లే నేర్చుకుంటారు."

"నేర్చుకునేదుంటే పెట్టె నేర్చుకుంటది సార్. వాళ్లెందుకు నేర్చుకోవాలె?" అన్నాను.

చాచా దగ్గాడు. నేను నోరు మూసుకొని నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. కోపం అలాగే ఉంది గానీ, ఆయన చెప్పిన దాంట్లో తప్పు లేదని నాకు తెలుసు.

సి భాషలో స్ట్రక్చర్ అంటే మా అమ్మ పోపుల డబ్బా లాంటిది. ఒకే డబ్బాలో చిన్న చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో దినుసు. మా పెట్టెలో ఆ గిన్నెలు సెట్టింగులు. ప్రోగ్రాం రాసేటప్పుడు నేను ఒక్కో గిన్నెకు పేరు పెడతాను. నేను రాసినదాన్ని చిప్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఆ పేర్లను చూసి, ఏ గిన్నె డబ్బా అంచు నుంచి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టుకొని, పేర్లు పారేస్తుంది. తర్వాత చిప్‌కు తెలిసింది దూరమే. మా అమ్మ కూడా అంతే, డబ్బా మీద ఏ పేరూ రాసి ఉండదు, చెయ్యి దానంతట అది జీలకర్ర మీదికే పోతుంది. కానీ బయటివాళ్లు వచ్చి జీలకర్ర కావాలంటే, అది ఎక్కడుందో చెప్పేవాళ్లు ఒకరు ఉండాలి.

ఆ చెప్పేవాళ్లను నేనే తయారు చేసుకోవాలి. సి తెలిసినవాళ్లు చాలామంది చేసే పనే ఇది, నేను కనిపెట్టిందేమీ కాదు. ముందు సులువైన దారి పట్టాను. వచ్చిన మాట ఇది అయితే ఇది మార్చు, అది అయితే అది మార్చు అంటూ వరుసగా రాసుకుంటూ పోయాను. పేర్లు సగం కూడా కాకముందే చిప్‌లో జాగా అయిపోయింది. అది చెరిపేసి ఒక పట్టిక కట్టాను. ఒక్కో వరుసలో పేరు, ఆ పేరుగల గిన్నె స్ట్రక్చర్ మొదలు నుంచి ఎంత దూరంలో ఉందన్నది. ఆ దూరం నేను లెక్కపెట్టనక్కర్లేదు, అడిగితే కంపైలరే రాసిస్తుంది. మెసేజ్‌లో వచ్చిన మాటను పట్టికలో వెతకాలి, దొరికితే అంత దూరం పోయి అంకె అక్కడ పెట్టాలి. వెతికే పని ఒక్కసారి రాస్తే చాలు. పేరు కొత్తగా చేర్చాలంటే ఒక వరుస చేర్చడమే.

మొదటిసారి అది పని చేసినప్పుడు గదిలో నేనొక్కదాన్నే గట్టిగా అరిచాను. చాచా లోపలికి తొంగి చూసి, షాక్ కొట్టిందనుకున్నానని తిట్టాడు.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. బల్ల మీద మూడు ఫేజులకు మూడు బల్బులు పెట్టుకొని పరీక్షిస్తున్నాను. మూడు కరెంటు తీగల్లో ఒకదాంట్లో కరెంటు పోయినా మోటర్ కాలిపోతుంది, అందుకని ఒక ఫేజు పోతే పెట్టె మోటర్ ఆపేయాలి. అంతకుముందు బాగానే ఆపింది. పేరుతో ఊరే సమయం మార్చాక ఒక బల్బు తీసి చూస్తే, ఆపడం లేదు. ఊరే సమయానికి, ఫేజుకు ఏమిటి సంబంధం? తల బద్దలు కొట్టుకున్నాను. టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. చివరికి దొరికింది. డబ్బాలో అన్ని గిన్నెలు ఒకే సైజు కావు. ఊరే సమయానిది చిన్న గిన్నె. నేను పెద్ద గరిటెతో పోశాను. ఎక్కువైంది పక్కనున్న ఫేజు గిన్నెలోకి ఒలికి, అక్కడున్న దాన్ని సున్నా చేసింది. పట్టికలో ప్రతి వరుసకు గిన్నె సైజు కూడా చేర్చాను. మళ్లీ బల్బు తీశాను. పెట్టె టక్కున ఆపేసింది. అదే పొలంలో జరిగి ఉంటే ఒక మోటర్ నా వల్ల కాలిపోయేది. ఇంటికి పోబోతూ ఆగి, ప్రతి బల్బునూ మార్చి మార్చి తీసి చూశాను.

ఇక పేర్లు నింపాలి. అలవాటు కొద్దీ ఇంగ్లిష్‌లో రెస్ట్ టైమ్, రన్ టైమ్ అని కొడుతున్నాను. కొడుతూ కొడుతూ ఆగిపోయాను. ఇవి ఎవరి కోసం కొడుతున్నాను? కంపైలర్ నా పేర్లను ఎలాగూ పారేసింది. పట్టికలో రాసేవి దానికి అక్కర్లేదు. అంటే అక్కడ ఏ పేరైనా రాయొచ్చు, ఎవరి మాటైనా రాయొచ్చు. సీనియర్ ఇంజనీర్ కుదరదని చెప్పిన కారణమే మా మాటలకు జాగా ఇచ్చింది. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం ఇంజనీరింగ్ పట్టా చేతికి వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మోటర్ బాగయ్యేదాకా షాపు ముందు బెంచీ మీద కూర్చునే రైతుల దగ్గరికి పోయి అడిగాను. "బోరుల నీళ్లు ఊరెదాంక ఆగుడున్నది సూడు, దాన్నేమంటరు?"

"ఊరుడంటం. ఇంకేమంటం?" అన్నాడొకాయన, ఈ పిల్లకు ఏమైంది అన్నట్టు చూసి. నీళ్లు పారే సమయాన్ని పారుడు అన్నారు. నందికొండ వైపు నుంచి వచ్చినాయన ఊట అన్నాడు. లోపల తీగ చుడుతున్న చాచా మాటలు విని, "మా ఇంట్ల బోరుకు ఆరాం అంటం బేటీ, అది గూడ రాయి," అన్నాడు. రాశాను. ఊరుడు, ఊట, ఆరాం. మూడు వరుసలు, మూడింటికీ ఒకటే దూరం, ఒకటే గిన్నె. ఎవరు ఏ మాటతో పిలిచినా చెయ్యి ఒక్కచోటికే పోతుంది.

చాలామంది టైపు చేయరు, ఫోన్‌కు మాట చెబితే అదే తెలుగులో రాస్తుంది. తెలుగు అక్షరాలు ఆ చిన్న చిప్‌కు ఎలా తెలుస్తాయని భయపడ్డాను. చూస్తే, సిమ్ దగ్గర నుంచి తెలుగు మెసేజ్ అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరుసగా వస్తోంది. చిప్‌కు తెలుగు రానక్కర్లేదు. ఆ వరుసనే పట్టికలో పెడితే, రెండూ ఒకటా కాదా అని పోల్చి చూసుకుంటుంది. ఊరుడు అనే మాట ఆ వరుసలో ఎలా ఉంటుందో స్క్రీన్ మీద చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కాలేజీలో నేను ఊరుడు, చేసుడు అంటే వెనక బెంచీ నుంచి నవ్వేవాళ్లు.

మొదటి పెట్టెను మా బాపు బోరుకే పెట్టాను. గొర్రెలను తోలుకొస్తూ బాపు ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని చెప్పాడు. "బిడ్డా, జర ఊరుడు ముప్పై చెయ్యి తల్లీ." ఫోన్ మొత్తం రాసి పంపింది. పెట్టె నుంచి జవాబు వచ్చింది: తప్పు.

"ఉట్టిగ ఊరుడు ముప్పై అను బాపు. బిడ్డా, తల్లీ అంటే దానికి సమజ్ కాదు."

"గట్లెట్లంటం? ఒకలకు పని చెప్పేటప్పుడు జర మంచిగ చెప్పాలె గద."

"అది మనిషి కాదు బాపు."

"మనిషి కాకపోతేంది, పని చేస్తున్నది గద."

షాపుకు తిరిగి వచ్చి, పట్టికలో లేని మాట వస్తే పెట్టె దాన్ని పట్టించుకోకుండా ముందుకు పోయేలా మార్చాను. పేరు ఉండి అంకె లేకపోతే మాత్రం సొంత తెలివికి పోకుండా, ఎంత అని తిరిగి అడిగి, తర్వాత వచ్చే అంకెను ఆ పేరుకే పెట్టాలని రాశాను. ఈ రెండు మార్పులకూ గురువు మా బాపే. సీనియర్ ఇంజనీర్‌కు ఫోన్‌లో చెబితే, యంత్రంతో మర్యాదలేమిటని అన్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది.

ఆ ఊరికి చాచా, నేను కలిసి పోయాం. పెట్టె నా ఒళ్లోనే ఉంది, దేవరకొండ దాటాక రోడ్డు కుదుపులకు రెండు చేతులతో పట్టుకున్నాను. ఊరివాళ్లు మమ్మల్ని ఒక పెద్దమ్మ చేను దగ్గరికి తీసుకుపోయారు. అందరికంటే ఎక్కువ మోటర్లు కాలినవి ఆమెవేనట. అందుకని ఆమె సరే అంటేనే మిగతావాళ్లు సరే అంటారట. ఆమె వేరుశనగ చేలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చి, పెట్టెను పైకీ కిందికీ చూసింది.

"ఇంతకుముందు వేరే కంపెనీదొకటి పెట్టినం. దానికి నంబర్లుండె. నా మనుమరాలొస్తెనే నడిచేది."

"దీనికి నంబర్లు లేవు పెద్దమ్మా. నువ్వెట్ల అంటవో గట్లనే అను," అన్నాను.

ఆమె నమ్మలేదు. చాచా పెట్టె బిగించి తలుపు వేశాడు. పెద్దమ్మ ఫోన్ తీసి, దాన్ని ఎదురుగా పట్టుకొని, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఓ బిడ్డా, మా బోరు అలిసిపోయింది, జర ఊరుడు పెంచు."

మెసేజ్ పోయింది. గుట్టల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు. జవాబు రాలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అంత భయం నేను ఏ పరీక్ష హాల్లోనూ పడలేదు. చాచా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. పెద్దమ్మ ఫోన్‌ను పక్కనున్న ఆమెకు ఇచ్చి చదవమంది.

"ఊరుడు ఎంత?" అని చదివింది ఆమె.

పెద్దమ్మ ఒక్కసారిగా నవ్వింది. "ఎదురడుగుతాందే ఇది! నలభై చెయ్యి బిడ్డా, నలభై."

ఈసారి జవాబు వెంటనే వచ్చింది: ఊరుడు 40, సరే. కాసేపటికి బోరు గాలి పోయడం మొదలైంది. ఎవరూ ముట్టకుండానే మోటర్ ఆగిపోయింది. అందరూ కూర్చుని ఎదురుచూశారు. వేరుశనగ కాయలు ఒలుచుకుంటూ, ఎండ గురించి, కోతుల గురించి మాట్లాడుకున్నారు. ఊరే సమయం అయ్యాక మోటర్ దానంతట అదే అందుకుంది, పైపులోంచి నీళ్లు నిండుగా దూకాయి. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎవరైనా చూస్తారని వంగి చెప్పు సర్దుకున్నాను.

అంతా అయిపోయిందనుకున్నాను. పెద్దమ్మ మాత్రం పెట్టె పక్కనే నిలబడి ఇంకా ఆలోచిస్తోంది.

"మంచిగనే ఉన్నది. మొదటిదాన్ని పెట్టినప్పుడు గూడ మంచిగనే ఉండె. చెడిపోయినంక ఫోన్ చేస్తే ఎవ్వలెత్తలే. గిది చెడితె ఎవరొస్తరు?"

"నేనే వస్త," అన్నాను.

"గిదంత చేసినామెవు నువ్వేనా?"

"నేనే."

"యాడుంటవు?"

"నల్లగొండల."

"సదువుకున్న పిల్లవు. ఎల్లకాలం ఆడనే ఉంటవా?"

నేను చాచా వైపు చూశాను. ఆయన స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ మోటర్ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ ప్రశ్నకు తను జవాబు చెప్పనని ఆ వీపే చెబుతోంది. పెళ్లిళ్లలో ఎంతమంది అడిగినా విసురుగా చెప్పి తప్పుకున్న మాటను అప్పుడు నిలబడి, తలెత్తి చెప్పాను.

"ఉంట పెద్దమ్మా."

ఆమె వెనక్కి తిరిగి గట్టు మీద కూర్చున్నవాళ్లతో అంది:

"పెట్టిచ్చుకోండ్రి. దీని ఎనుక మనిషున్నది."